మసి పోతే చాలా? గుడి రాయి తోమే సరుకులు, సేవల మీద రివ్యూ

జాతర నెల రోజులుందనగా గుడి కమిటీ ముందుకు కొటేషన్లు వస్తాయి. ఒకటి శాండ్ బ్లాస్టింగ్ వాళ్లది, ఒకటి ప్రెషర్ మిషన్ వాళ్లది, ఇంకొకటి కెమికల్ వాష్ అని పేరు పెట్టుకున్న యాసిడ్ వాళ్లది. మూడింట్లోనూ ఉండేది ఒకటే హామీ: గుడి కొత్తదానిలా మెరుస్తుంది. ఎనిమిది వందల ఏండ్ల కింద చెక్కిన స్తంభం కొత్తగా మెరవాలంటే దాని పైపొర పోవాలి. చెక్కడమంతా ఉండేది ఆ పైపొరలోనే.

ఈ రివ్యూ నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు పట్నాల్లో దొరికే సరుకుల మీద. ఊరి శివాలయం, గడి, బురుజు, మెట్ల బావి లాంటి వాటికి పనికొస్తుంది. రక్షిత కట్టడాలకు కాదు. వాటి మీద బ్రష్షు పెట్టాలన్నా 1958 కేంద్ర చట్టం కిందనో, తెలంగాణ 2017 వారసత్వ చట్టం కిందనో సంబంధిత శాఖ అనుమతి కావాలి. మీ గుడి ఆ జాబితాలో ఉందో లేదో ముందు కనుక్కోండి. ఆ తర్వాతే కొటేషన్ తెరవండి.

మార్కులు వేయడానికి పెట్టుకున్న కొలత ఒకటే. సరుకు ఎంత మసి తీసిందన్నది రెండో సంగతి, పని అయ్యాక రాయిలో ఏం వదిలిపెట్టిందన్నది మొదటి సంగతి. రాయి మీది మసి కంటికి కనబడుతుంది. రాయి లోపలికి పోయిన ఉప్పు కనబడదు, కానీ పెచ్చులు లేపేది అదే.

సరుకుల సంగతికి ముందు రాయి సంగతి. నల్గొండ పక్కన పానగల్లు పచ్చల సోమేశ్వరాలయంలో నిలబడి చూస్తే మన జిల్లా రాళ్లు రెండూ కనబడతాయి: గోడలకు, పునాదికి బూడిద రంగు గ్రానైట్, సన్నని చెక్కడానికి నల్లరాయి. గ్రానైట్‌లో రంధ్రాలు చాలా తక్కువ, సాధారణంగా ఒక శాతం కూడా ఉండవు. నల్లరాయిలో ఇనుమున్న ఖనిజాలు ఎక్కువ, ఆమ్లం తగిలితే తుప్పు రంగు తేలుతుంది. అలంపూర్ దిక్కు పోతే లెక్క మారిపోతుంది. అక్కడి నవబ్రహ్మ ఆలయాలు ఇసుకరాతివి, అది నీళ్లు పీల్చే రాయి. గ్రానైట్‌కు సరిపోయిన పద్ధతిని ఇసుకరాయికి వాడితే మందు విషమవుతుంది. మీది ఇసుకరాయి గుడి అయితే కింద చెప్పిన వాటిలో మెత్తని బ్రష్షు తప్ప మిగతాదంతా నిపుణులకు వదిలేయండి.

ఇక నలుపు. అది అంతటా ఒకటే నలుపు కాదు. ఎండా వానా తగిలే పైకప్పు, ప్రాకారం మీది నలుపు చాలాసార్లు పొగ కాదు, ఎండిపోయిన నాచు. నీళ్లు చల్లి పది నిమిషాలు ఆగండి. ఆకుపచ్చకు తిరిగితే నాచే. చూరు కింద, వాన తగలని మూలల్లో గట్టిగా పెంకు కట్టిన నలుపు వేరు. లారీల డీజిల్ పొగ, మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఊక బూడిద, కృష్ణ ఒడ్డున సిమెంటు దుమ్ము, క్రషర్ల పొడి అన్నీ అక్కడ చేరతాయి. వాటితోపాటు బొగ్గు, డీజిల్ కాలినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ తేమతో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం గ్రానైట్‌ను అంత సులువుగా కొరకదు. దానికి దొరికేది రాళ్ల సందుల్లోని సున్నం, శిఖరం మీది గచ్చు. సున్నం జిప్సంగా మారుతుంది. మారినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు రెట్టింపవుతుంది. సందులో రెట్టింపైన పదార్థానికి పోవడానికి చోటుండదు కాబట్టి గచ్చు ఉబ్బి, పగిలి, పెచ్చుగా రాలుతుంది. ఆ జిప్సంలో ఇరుక్కున్న మసే మనకు కనబడే నల్లపెంకు. గర్భగుడి లోపలి నలుపు మళ్లీ వేరు. నూనె దీపం, కర్పూరం, అగరుబత్తి మసి జిడ్డుతో కలిసి తారులా పట్టినది అది. బయటి కాలుష్యాన్ని తిట్టేవాళ్లకు ఈ లోపలి కాలుష్యం గుర్తుకు రాదు.

శాండ్ బ్లాస్టింగ్‌కు 5కు సున్నా. సున్నా కన్నా తక్కువ ఇచ్చే పద్ధతి లేక. కంప్రెసర్‌లోంచి సుమారు 7 బార్ల ఒత్తిడితో ఇసుక వచ్చి రాతిని కొడుతుంది. ఇసుక అంటే క్వార్ట్జ్, పదికి లెక్కగట్టే మోస్ కొలతలో దాని గట్టిదనం 7. గ్రానైట్‌లో ఎక్కువ భాగం ఉండే ఫెల్డ్‌స్పార్ గట్టిదనం 6, మైకా ఇంకా చాలా మెత్తన. అందుకే దెబ్బ సమంగా పడదు. మెత్తని గింజలు ముందు ఎగిరిపోతాయి, గట్టివి పొడుచుకొని మిగులుతాయి. నున్నగా ఉండే స్తంభం గరుకు కాగితంలా అవుతుంది. మువ్వలు, మెడలో హారం, వేళ్ల గణుపులు లాంటి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతు పనితనం మొదటి పూటే పోతుంది. శాసనం ఉన్న రాయికైతే అక్షరం అంచు పోతుంది, ఆ తర్వాత చదివేవాడు లేడు. ఇంకో నష్టం తర్వాత తెలుస్తుంది: గరుకైన రాయి దుమ్మును, నాచును ముందుకన్నా బాగా పట్టి ఉంచుతుంది కాబట్టి గుడి మళ్లీ తొందరగా నల్లబడుతుంది, మళ్లీ అదే కాంట్రాక్టు. ముఖానికి తువ్వాల కట్టుకొని ఆ పని చేసే కూలీ ఊపిరితిత్తుల్లోకి పోయే సిలికా పొడి సిలికోసిస్ తెస్తుంది, దానికి తిరుగు లేదు. 'మెత్తని ఇసుకతో కొడతాం', 'ప్రెషర్ తగ్గిస్తాం' అంటారు. తగ్గించినా తీసేది మసిని కాదు, రాతినే.

పాత సున్నం పూతలు తీయడానికే ఎక్కువగా ఈ మిషన్ పిలుస్తారు. ఆ తొందర ఎందుకో అర్థం కాదు. సున్నం పూత శిల్పానికి దుప్పటి లాంటిది. కాలుష్యం దాన్ని తింటుంది, కింద శిల్పం ఆగుతుంది. రాయి కనబడాలనే పట్టుదల ఉంటే వెదురు పుల్ల, చెక్క బద్ద, తడి గుడ్డతో పొరలు పొరలుగా లేపొచ్చు. ఆలస్యమవుతుంది, అంతే. ఎనామిల్ రంగు వేసి ఉంటే పెయింట్ రిమూవర్ జెల్ రాసి, అది రంగును లేపాక ప్లాస్టిక్ బద్దతో తీయాలి. ఇనుప గీకుడు బిళ్ల వద్దు.

యాసిడ్‌కు కూడా సున్నానే, కాకపోతే ఇది చౌక కాబట్టి ఎక్కువ గుళ్లను పాడుచేసింది. బాత్‌రూంకు వాడే హైడ్రోక్లోరిక్ యాసిడ్ రాతి మీద పోయగానే నురగ వస్తుంది. మురికి పొంగుతోందని అందరూ సంతోషిస్తారు. ఆ నురగ సందుల్లోని సున్నానిది. సున్నం కరిగి కాల్షియం క్లోరైడ్ అవుతుంది. అది గాలిలోని తేమను లాక్కునే ఉప్పు, ఎంత కడిగినా కొంత లోపలే ఉంటుంది. వానాకాలం ఆ గోడ ఆరనే ఆరదు. నల్లరాయి మీద పోస్తే వారం పది రోజుల్లో పసుపు, గోధుమ చారలు దిగుతాయి. అది రాయిలోంచి కరిగి బయటికి వచ్చిన ఇనుము, దాన్ని తీయడం మసి తీయడం కన్నా కష్టం. 'గ్రానైట్ క్లీనర్' డబ్బా మీద హైడ్రోఫ్లోరిక్ లేదా బైఫ్లోరైడ్ అనే మాట కనబడితే ముట్టుకోకండి. అది క్వార్ట్జ్‌నే కరిగిస్తుంది, చర్మం మీద పడితే ఎముక దాకా పోతుంది. ఫ్లోరైడ్ ఎముకను ఏం చేస్తుందో నల్గొండ జనానికి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

ప్రెషర్ వాషర్‌కు 5కు 1. ఆ ఒక్క మార్కు గుడి ముందున్న కొత్త సిమెంటు మెట్లు, బండల పరుపు కడగడానికి. కార్లు కడిగే మిషన్ 100 బార్లకు పైనే కొడుతుంది. ఆ ధార సందులోని సున్నాన్ని వేళ్ల లోతుకు తవ్వేసి, నీటిని గోడ మధ్యలోని రాళ్లూ మట్టీ నింపిన భాగానికి పంపిస్తుంది. ఆ నీళ్లు బయటికి రావడానికి నెలలు పడుతుంది. వచ్చేటప్పుడు ఒట్టిగా రావు, లోపలి ఉప్పును మోసుకొస్తాయి. పాత కట్టడానికి కుళాయి ఒత్తిడి చాలు. 10 మీటర్ల ఎత్తు వాటర్ ట్యాంకు నుంచి దిగే పైపులో ఉండేది 1 బార్. ఊరి ట్యాంకే మీకు కావలసిన మిషన్.

బట్టల పౌడరు, గిన్నెల సబ్బు సంగతి కొటేషన్లలో ఉండదు, శ్రమదానం నాడు కనబడుతుంది. పౌడరులో సోడా, సోడియం సల్ఫేట్ ఉంటాయి. సోడియం సల్ఫేట్ రాతికి పడే ఉప్పుల్లో అన్నిటికన్నా చెడ్డది. 32 డిగ్రీల దగ్గర దాని స్వభావం మారుతుంది: అంతకన్నా చల్లగా, తేమగా ఉంటే ఒక్కో అణువు పది నీటి అణువులను పట్టుకొని ఉబ్బుతుంది, వేడెక్కితే వదిలేస్తుంది. మన దగ్గర మధ్యాహ్నం ఆ వేడి దాటడం, తెల్లారేసరికి కింద పడడం ఏడాదిలో ఎన్ని రోజులు జరుగుతుందో లెక్కేసుకోండి. రాయి సందులో ప్రతి రోజూ ఒక చిన్న మేకు దిగగొట్టి పీకినట్టే. మార్కు లేదు. బ్లీచింగ్ పౌడరుకూ లేదు, అది వదిలేది క్లోరైడ్.

మెరుపు కోసం కొట్టే క్లియర్ కోటు, సిలికాన్ కోటు గురించి ఒక్క మాట: గోడలోని తడి బయటికి పోయే దారి మూస్తుంది, ఆ తర్వాత పొరతో పాటు రాతి పెచ్చు కూడా ఊడి వస్తుంది. వద్దు.

ఇక కొనదగినవి. అన్నిటికన్నా మంచి సరుకు మన ఊళ్లోనే ఉన్నా ఎవరూ దాన్ని సరుకుగా చూడరు. అది ఆర్వో ప్లాంటు నీళ్లు. 5కు 5. గుడిని బోరు నీళ్లతో కడగడం మన దగ్గర మామూలు. నల్గొండ బోర్లలో ఫ్లోరైడే కాదు, బైకార్బనేట్, క్లోరైడ్, సల్ఫేట్ కూడా ఉంటాయి. నీళ్లలో కరిగిన ఉప్పును చూపే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, అది ముంచి చూడండి. 1000 చూపిస్తే లీటరుకు 1 గ్రాము ఉప్పు అని అర్థం. 5000 లీటర్ల ట్యాంకరుతో గుడి కడిగితే 5 కిలోల ఉప్పు దాని మీద పోసినట్టే. చాలావరకు కారిపోతుంది, మిగిలినది రాతిలోనూ సందుల్లోనూ ఆరిపోయి తెల్లగా తేలుతుంది. నల్గొండ టెక్నిక్‌తో శుద్ధి చేసిన నీళ్లైనా ఇదే మాట. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు ఆ పద్ధతి తాగే నీటి కోసం రూపొందించారు. పటిక వేసి ఫ్లోరైడ్ తగ్గిస్తారు, పటికలోని సల్ఫేట్ నీళ్లలో మిగులుతుంది. మొదటి కడుగుళ్లు కావాలంటే మామూలు నీళ్లతో చేసినా, ఆఖరి రెండు కడుగుళ్లు ఆర్వో నీళ్లతోనో, డ్రమ్ముల్లో పట్టిన వాన నీటితోనో ఉండాలి. 50 లోపు చూపే నీళ్లు బాగా పనికొస్తాయి. ఎప్పుడు ఆపాలో కూడా మీటరే చెబుతుంది: గోడ మీద నుంచి కారిన నీటిని మగ్గులో పట్టి కొలవండి, మీరు పోసిన నీటి అంకెకు దగ్గరగా వచ్చేదాకా కడగండి.

జిడ్డు మసికి అమ్మోనియా. 5కు 4. దీనికి మార్కులు ఎందుకంటే పని చేసి గాలిలో కలిసిపోతుంది, ఉప్పు మిగల్చదు. ల్యాబ్ కెమికల్స్ దుకాణంలో 25 శాతం ద్రావణం దొరుకుతుంది. 9 లీటర్ల ఆర్వో నీటిలో 1 లీటరు కలిపితే 2.5 శాతం వస్తుంది. దానికి 100 మిల్లీలీటర్ల నాన్ అయానిక్ డిటర్జెంట్ కలపాలి. డబ్బా మీద 'నాన్ అయానిక్', 'న్యూట్రల్' అని రెండు మాటలూ ఉండాలి. 'లిక్విడ్ సోప్' అని మాత్రమే ఉంటే తీసుకోవద్దు. ముందు కంటికి కనబడని మూలలో జానెడు జాగాలో వేసి, ఆరాక మర్నాడు చూడాలి. తర్వాత మెత్తని నైలాన్ బ్రష్షుతో కింది నుంచి పైకి పూయాలి. పైనుంచి మొదలుపెడితే మురికి నీళ్లు పొడి రాయి మీద చారలు కడతాయి, అవి మళ్లీ పోవు. పది నిమిషాలు ఉంచి కడిగేయాలి. నూనె బాగా ఇంకిన నంది, గడప లాంటి చోట్ల ఇదే ద్రావణంలో ముంచిన కాగితపు గుజ్జు పట్టించి, ప్లాస్టిక్ షీటు కప్పి రెండు మూడు గంటలు ఉంచితే జిడ్డు గుజ్జులోకి దిగుతుంది. గుజ్జుకు తెల్ల టిష్యూ కాగితం వాడండి, పేపరు వాడితే సిరా అంటుతుంది. ఒక మార్కు కోత రెండు కారణాలకు. గర్భగుడి లాంటి గాలాడని చోట ఊపిరి ఆడదు, కాబట్టి ఫ్యానూ కళ్లద్దాలూ చేతి తొడుగులూ లేకుండా లోపలికి పోవద్దు. ఇత్తడి, రాగి తొడుగుల మీద పడితే అవి నీలంగా తిరుగుతాయి. ఇక ప్రాణానికి సంబంధించిన మాట: అమ్మోనియా పోసిన చోట బ్లీచింగ్ పౌడరు తేవద్దు, రెండూ కలిస్తే వచ్చేది విషవాయువు.

నాచుకు బెంజాల్కోనియం క్లోరైడ్ దొరుకుతుంది. 50 శాతం సీసా కొంటే లీటరు నీటికి 40 మిల్లీలీటర్లు. ఎండాకాలంలో పిచికారీ చేసి, చచ్చి ఎండినదాన్ని వారం తర్వాత పొడి బ్రష్షుతో దులపాలి. అదే రోజు గీకడం తప్పు. వైరు బ్రష్షు ఇంకా పెద్ద తప్పు, దాని ఇనుప ముక్కలు రాతిలో ఉండిపోయి తుప్పు చుక్కలవుతాయి. 5కు 3, ఎందుకంటే పైన పగిలిన గచ్చు నుంచి నీళ్లు కారుతున్నంత కాలం నాచు మళ్లీ వస్తుంది.

ముల్తానీ మట్టి పేరు తాజ్ మహల్ వల్ల అందరికీ తెలిసింది. అక్కడ పసుపెక్కిన పాలరాతికి కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్‌ఐ) ఈ మట్టి పట్టీలు వేస్తుంది. మన గ్రానైట్ మీద దీనితో మసి పెద్దగా పోదు. ఆ ఆశతో కొంటే డబ్బు దండగ. దీని అసలు పని ఉప్పు లాగడం, ఆ పనికి 5కు 4. తెల్లగా ఉప్పు తేలుతున్న గోడకు, కిలో మట్టిని ముప్పావు లీటరు ఆర్వో నీటిలో రాత్రంతా నానబెట్టి, గారెల పిండిలా కలిపి, సెంటీమీటరు మందాన పట్టించాలి. చదరపు అడుగుకు సుమారు ముప్పావు కిలో మట్టి పడుతుంది. రాయిని ముందే తడపాలి. ఇక్కడ ప్లాస్టిక్ కప్పకూడదు. పట్టీ గాలికి ఆరుతుంటే గోడలోని తడి ఉప్పుతో సహా అందులోకి వస్తుంది. రెండు మూడు రోజుల్లో పగిలి తనంతట తానే రాలుతుంది. రాలినదాన్ని అక్కడే వదిలేస్తే వాన ఆ ఉప్పును తిరిగి పునాదిలోకి దించుతుంది, కాబట్టి ఎత్తి దూరంగా పారెయ్యాలి. పారేసే ముందు ఆ రాలిన మట్టి 10 గ్రాములు లీటరు ఆర్వో నీటిలో కలిపి మీటరు పెట్టండి, వాడని మట్టితో పోల్చండి. తేడా తగ్గేదాకా మళ్లీ వేయాలి, మామూలుగా రెండు మూడు సార్లు.

డంగు సున్నానికి 5కు 5, కానీ ఎక్కడ కొన్నదన్నదాన్ని బట్టి. కాలుష్యం ముందు తినేది సందులోని సున్నాన్నే కాబట్టి కడగడం కన్నా ఈ పని ముఖ్యం. గుళ్లు కడిగించడానికి లక్షలు పెట్టే కమిటీలు సందులకు మాత్రం మిగిలిన సిమెంటు బస్తా పూయిస్తాయి. సిమెంటులో తయారీలోనే 3 నుంచి 5 శాతం జిప్సం కలుపుతారు, క్షారాలు వేరే. అంటే గాలి ఏండ్ల తరబడి తెచ్చే సల్ఫేట్‌ను మేస్త్రి తాపీతో ఒక్క పూటలో పెడుతున్నాడు. పైగా అది గట్టిపడితే తడి సందులోంచి పోలేక రాతి అంచు నుంచి పోతుంది, అంచు రాలుతుంది.

ప్యాకెట్ సున్నం పాతబడితే పనికిరాదు. చెంచాడు పొడి మీద వెనిగర్ వేయండి. బాగా పొంగితే అది గాలి తగిలి అప్పటికే సుద్ద అయిపోయింది. పిడి సున్నం, అంటే కాల్చిన సున్నపు గడ్డలు, తెచ్చి తొట్టిలో నీళ్లతో చల్లార్చుకోవడం మేలు: సున్నాన్ని నీళ్లలో వేయాలి, నీళ్లను సున్నం మీద పోయకూడదు, ఎగిరి కళ్లలో పడుతుంది. జల్లెడ పట్టి, పైన నాలుగు వేళ్ల నీళ్లు నిలిచేలా ఉంచాలి. మూడు వారాలు కనీసం, మూడు నెలలు ఉంటే వెన్నలా అవుతుంది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు కడిగిన వాగు ఇసుక. రోబో శాండ్‌లో సన్నపొడి ఎక్కువ, ఆరాక చీలికలు వస్తాయి. కోనేటి మెట్లకు, పైకప్పుకు తక్కువ కాలిన ఇటుకల పొడి కలిపితే తడిలోనూ గట్టిపడుతుంది. కరక్కాయ నీళ్లు, బెల్లం మంచివే కానీ బెల్లం ఎక్కువైతే గట్టిపడడం ఆలస్యమై చీమలు చేరతాయి. పాత సందును గ్రైండర్‌తో కాదు, ఉలితో వెడల్పుకు రెట్టింపు లోతు దాకా తీసి, తడిపి, గట్టిగా దట్టించాలి. పది రోజులు తడి గోనె సంచులు కప్పాలి. డంగు సున్నం పనిలో చెడేది ఎక్కువగా ఇక్కడే. ఎండకు ఒక్క రోజులో ఆరిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టలేక గోరుతో గీరితే పొడిగా రాలుతుంది. అప్పుడు 'సున్నం ఆగదు, సిమెంటే ఆగుతుంది' అంటారు. ఆగనిది సున్నం కాదు, గోనె సంచి తడిపే మనిషి.

అందుకే మార్చి దాటితే సున్నం పని పెట్టుకోవద్దు. శివరాత్రి జాతరకు గుడి సిద్ధం కావాలంటే పిడి సున్నం కార్తీకంలోనే తొట్టిలో పడాలి. కడుగుడు, ఉప్పు పట్టీలు పుష్యంలో అయిపోవాలి. సందులు మాఘం మొదట్లో దట్టిస్తే గోనె సంచులకు పది రోజులు మిగులుతాయి. జాతర నెల ముందు వచ్చిన కొటేషన్‌కు ఈ క్రమం ఏదీ పట్టదు. ఈ ఏడాదికి పొడి బ్రష్షుతో దులిపించి, బూజు తీయించి, దీపాల కింద ఇత్తడి పళ్లేలు పెట్టించి ఊరుకోండి.